స్టీరింగ్ కొనాలా, కంట్రోలర్ చాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా ఎక్స్‌బాక్స్‌లో కంట్రోలర్‌తో రేసింగ్ గేమ్స్ ఆడుతున్నాను. ఎక్కువగా ఫోర్జా హొరైజన్ 5. ఈమధ్యే నిజమైన రేసు కారు నడిపినట్టే ఉండే అసెట్టో కోర్సా కాంపిటిజియోనే మొదలుపెట్టాను. వారానికి సుమారు నాలుగు గంటలు ఆడతాను. డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా తిప్పే) స్టీరింగ్, పెడల్స్ కలిపిన సెట్ ఒకటి నచ్చింది. ధర నా కంట్రోలర్‌కు పది రెట్లు, దాదాపు నా నెల జీతం. వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. ఫోన్ వాయిదాలు ఇంకా ఆరు ఉన్నాయి. అత్యవసర నిధి రెండు నెలల ఖర్చులకు సరిపోతుంది. కొనొచ్చా?

జవాబు: వాయిదాల్లో అయితే వద్దు. స్టీరింగే వద్దని కాదు. ఇప్పుడు, ఈ సెట్టు, ఈ పద్ధతిలో వద్దు.

ముందు మీరు ఆడే గేమ్స్ సంగతి చూద్దాం. ఫోర్జా హొరైజన్ లాంటివాటిని కంట్రోలర్‌ను దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తారు. బొటనవేలితో స్టిక్‌ను ఒక్కసారిగా చివరిదాకా నెట్టేసినా, కారు వేగాన్ని బట్టి చక్రాలు ఎంత తిరగాలో గేమే సర్దుకుంటుంది. అక్కడ స్టీరింగ్ పెట్టుకుంటే సరదా పెరుగుతుందేమో కానీ వేగం పెరుగుతుందన్న నమ్మకం లేదు. ఆన్‌లైన్‌లో కంట్రోలర్ పట్టుకున్నవాళ్లు స్టీరింగ్ వాళ్లను హాయిగా దాటుకుని పోతుంటారు. కాంపిటిజియోనే కథ వేరు. ముందు టైర్లు పట్టు తప్పినప్పుడు స్టీరింగ్ చేతిలో తేలికైపోవడం, వెనక భాగం జారబోతుంటే చేతికి ముందే తెలియడం, ఇవి కంట్రోలర్ వణుకుతో పూర్తిగా అందవు. అంటే పది రెట్ల డబ్బు మీకు ఉపయోగపడేది రెండో గేమ్‌లోనే. దాన్ని మీరు ఈమధ్యే మొదలుపెట్టారు. నాకు టెన్షన్ పెట్టే విషయం ఇదే.

చిన్న లెక్క వేద్దాం. వారానికి నాలుగు గంటలు మూడేళ్లపాటు ఆడితే 624 గంటలు. మొదటి మూడు నెలలు అలాగే ఆడి, మోజు తీరాక వారానికి గంటకు తగ్గిపోయారనుకోండి, అదే మూడేళ్లలో మొత్తం 195 గంటలే. గంటకు పడే ఖర్చు మూడు రెట్లు దాటుతుంది. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. నేనూ ఒకప్పుడు స్టీరింగ్ కొన్నాను. ఆడాలంటే ప్రతిసారీ దాన్ని టేబుల్‌కు బిగించాలి, వైర్లు పెట్టాలి, పెడల్స్ కిందకి దించాలి, అయ్యాక మళ్లీ అన్నీ తీసేయాలి. నాలుగు నెలలకు అటకెక్కింది. కంట్రోలర్ అయితే సోఫాలో కూర్చున్నాక పది సెకన్ల పని.

ఇక మీరు రాసిన ధర అసలు ధర కాదు. లాజిటెక్ జీ920 లాంటి గేర్లతో నడిచే స్టీరింగ్ మీ చేతుల్ని తిప్పే బలం సుమారు 2 న్యూటన్ మీటర్లు. దాన్ని గట్టి టేబుల్‌కు బిగిస్తే చాలు. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటార్ ఇరుసే నేరుగా స్టీరింగ్‌ను తిప్పుతుంది. చిన్న మోడళ్లకే 5 న్యూటన్ మీటర్ల దాకా బలం ఉంటుంది, మామూలు టేబుల్ గజగజలాడుతుంది. అప్పుడు స్టాండ్ కావాలి. ఆ తర్వాత చూపు పెడల్స్ మీద పడుతుంది. మామూలు బ్రేక్ పెడల్ కాలు ఎంత దూరం కదిలిందో కొలుస్తుంది, లోడ్ సెల్ పెడల్ ఎంత గట్టిగా తొక్కారో కొలుస్తుంది. ల్యాప్ టైమ్, అంటే ట్రాక్ ఒక చుట్టుకు పట్టే సమయం, తగ్గేది చాలావరకు బ్రేకింగ్ దగ్గరే కాబట్టి, మోటార్ బలం కన్నా ఈ ఖర్చులోనే అర్థముంది. కానీ సెట్లలో వచ్చేవి తరచూ మామూలు పెడల్సే. స్టాండ్, మంచి పెడల్స్, షిఫ్టర్ (గేర్ మార్చే కడ్డీ)... మీ పది రెట్లు పదిహేను కావడానికి ఎంతో కాలం పట్టదు.

వడ్డీ లేని వాయిదాలంటున్నారు. ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడండి. ఒకేసారి కడితే దొరికే తగ్గింపు వాయిదాల్లో వస్తుందో లేదో అడగండి. రాకపోతే అదే మీరు కట్టే వడ్డీ. అదీ కాక, రెండు నెలల నిధి మీద రెండు వాయిదాలు నెత్తినేసుకుంటే, ఉద్యోగంలో ఒక్క నెల తేడా వచ్చినా ఇబ్బందే.

నేనైతే ఇలా చేస్తాను. ఫోన్ వాయిదాలు అయ్యేదాకా, అంటే ఆరు నెలలు, కాంపిటిజియోనేను కంట్రోలర్‌తోనే ఆడండి. నడపడం కష్టమే, కానీ నడుస్తుంది. ఎన్ని గంటలు ఆడారో నెలనెలా రాసుకోండి, ఫోర్జా గంటలు కలపకుండా. ఈలోగా స్టిక్ దానంతటదే పక్కకు లాగడం మొదలైతే, హాల్ సెన్సర్ ఉన్న కంట్రోలర్ తీసుకోండి. మామూలు స్టిక్కుల్లో భాగాలు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి, ఇందులో అయస్కాంతంతో కొలుస్తారు కాబట్టి ఆ అరుగుదల ఉండదు. ఫోన్ వాయిదాలు అయిపోయాక అదే మొత్తాన్ని ఏ నెలకానెల పక్కన పెట్టండి. ముందు అత్యవసర నిధిని కనీసం మూడు నెలలకు చేర్చి, ఆ తర్వాతే స్టీరింగ్ ఖాతా తెరవండి.

అప్పటికీ మనసు అటే లాగుతుంటే, రొక్కంతో పాత గేర్ స్టీరింగ్ ఒకటి కొనండి. వాడినవి దొరకడం కష్టం కాదు. నచ్చకపోతే కొన్న ధరకు కాస్త అటూ ఇటూగా అమ్మేయొచ్చు. కొత్తదానికి పెట్టె తెరిచిన రోజే విలువ పడిపోతుంది. ఒక్క జాగ్రత్త: జీ29, జీ920 చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. జీ29 ప్లేస్టేషన్‌ది, మీ ఎక్స్‌బాక్స్‌లో పనిచేయదు. చవగ్గా వచ్చిందని అది తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. కొనే ముందు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి, 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు సాఫీగా తిరగాలి. మూడు పెడల్స్ విడివిడిగా తొక్కి, తెరమీద పెడల్ ఎంత నొక్కామో చూపే గీత వణక్కుండా కదులుతోందో లేదో గమనించండి.

మొదటి రెండు మూడు వారాలు కంట్రోలర్ కన్నా నెమ్మదిగానే నడుపుతారు, కంగారుపడి పైమోడల్ కోసం వెతకొద్దు. జీ920 బ్రేక్ పెడల్‌లో గట్టి రబ్బరు ముక్క ఉంటుంది. చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని గట్టిగా తొక్కితే కారు ఆగే లోపు మీరే వెనక్కి వెళ్లిపోతారు. దానికి ప్రత్యేకమైన సీటు కొననక్కర్లేదు, కుర్చీ చక్రాల్ని పాత బూట్లలో దించితే సరిపోతుంది.