మందుమొక్కల పరిశోధనకు ఏజెన్సీ వెళ్తున్న మా అమ్మాయికి

అమ్మలూ,

పాడేరు ఏజెన్సీలో నాటువైద్యులు వాడే మొక్కల మీద నువ్వు పీహెచ్‌డీ చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. బోటనీ పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని నేనూ ఆ కొండలు ఎక్కినవాణ్ణే. నువ్వు బయల్దేరేలోపు కొన్ని మాటలు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మొక్క పేరు, జబ్బు పేరు మాత్రం రాసుకుని వచ్చేయకు. చాలా థీసిస్‌లలో అలాంటి పట్టికలే ఉంటాయి. ఫలానా మొక్క, ఫలానా జబ్బు, వాడేది ఆకు. అంతే. దాన్ని పట్టుకుని తర్వాతివాళ్ళు ఏం చేయగలరు? పచ్చి ఆకు నూరి పసరు తీశారా, మరిగించి కషాయం కాచారా, నీడన ఎండబెట్టి చూర్ణం కొట్టారా అన్నది రాయాలి. మలేరియా మందు దొరికింది అలాంటి ఒక్క వివరం వల్లే. చైనాలో తు యూయూ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం 1969 నుంచి పాత వైద్య గ్రంథాలన్నీ తిరగేసి చింగ్‌హావ్ అనే మొక్కను పట్టుకున్నారు. అది మన మాచిపత్రి జాతిదే. కానీ పరీక్షల్లో ఫలితం ఒకసారి కనిపించేది, ఒకసారి కనిపించేది కాదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ మాత్రం పిడికెడు మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని రాశాడు. మరిగించమని అనలేదు. మందు గుణం వేడికి పోతోందేమోనని ఆమెకు తట్టింది. ఈథర్ అనే ద్రావకంతో తక్కువ వేడిలో సారం తీసి చూస్తే 1971లో ఎలుకల్లో మలేరియా పూర్తిగా తగ్గింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. పదహారు వందల ఏళ్ళ కిందటి మనిషి నానబెట్టి పిండమన్న మాట రాయడం మానేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

అందుకే దగ్గర కూర్చుని మందు చేస్తుంటే చూడు. కుంకుడుకాయంత ఉండ అంటే అలాగే రాసుకో, పక్కనే తూకం వేసి గ్రాములూ రాయి. పరగడుపునా, తేనెతోనా, మేకపాలతోనా, ఎన్ని పూటలు, పథ్యం ఏమిటి, ఏ నెలలో వేరు తవ్వుతారు, అన్నీ అడుగు.

మొక్కను గుర్తించడంలో తొందరపడకు. పూతా కాయా ఉన్న కొమ్మ తెచ్చి, నంబరు వేసి, కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, హెర్బేరియం షీట్ చెయ్యి. పూత లేని కాలమైతే మళ్ళీ వెళ్ళు. అక్కడి కువి భాషలో, ఆదివాసీ ఒడియాలో, తెలుగులో ఏమంటారో మూడూ రాయి. కానీ ఆ పేర్లను నమ్మి శాస్త్రీయ నామం తగిలించకు. బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గే మాత్రల్లో ఒక చైనా వేరు కలపబోయి, దాదాపు అదే పేరున్న ఇంకో వేరు కలిపేశారు. వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, వాళ్ళలో చాలామందికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. పొరపాటున వచ్చిన ఆ మొక్క అరిస్టలోకియా. మనవాళ్ళు పాము కాటుకు వాడే ఈశ్వరి వేరు ఆ జాతిదే, అందులోనూ ఆ విషముంది. ఎవరైనా దాన్ని బలానికి రోజూ తాగుతున్నామంటే రాసుకుని ఊరుకోకు, ప్రమాదమని అప్పుడే చెప్పు.

ఇక నువ్వు మొహమాటపడకుండా అడగాల్సింది, మందు పనిచెయ్యని సందర్భాలు. 1775లో ఇంగ్లండ్‌లో విలియం విదరింగ్ అనే డాక్టరుకు, ఒంటికి నీరు పట్టే జబ్బుకు ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ రహస్యంగా ఇచ్చే మందు గురించి తెలిసింది. అందులో ఇరవైకి పైగా మూలికలు. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అని గ్రహించి పదేళ్ళు రోగులకు ఇచ్చి చూశాడు. 1785లో తగ్గినవాళ్ళ వివరాలతో పాటు తగ్గనివాళ్ళవీ అచ్చువేశాడు. మోతాదు కొంచెం పెరిగితే ప్రాణం తీసే మొక్క అది. తగ్గినవాళ్ళ గురించే రాసి ఉంటే ఎంతమంది పోయేవారో!

పచ్చకామెర్లకు పసరు ఇస్తే తగ్గిందంటారు. ఆ కామెర్లు హెపటైటిస్ ఎ వైరస్ వల్ల వచ్చినవైతే చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. పాము మంత్రమూ అంతే. కరిచేవాటిలో విషం లేని పాములే ఎక్కువ. నాగుపాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. ఇది తెలిసి విను, కానీ వాళ్ళ ముందు కొట్టిపారేయకు. నువ్వు అక్కడుండగా ఎవరికైనా పాము కరిస్తే మాత్రం నోట్‌బుక్ పక్కన పడేసి, యాంటీవీనమ్ ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి బండి ఎక్కించు. కట్టు బిగించనివ్వకు, గాటు పెట్టనివ్వకు. నమ్మకం పెరిగాక దిసారినీ, అంటే అక్కడి గిరిజన వైద్యుణ్ణీ, అడిగి చూడు, ఎలాంటి కేసుల్ని నువ్వే ఆసుపత్రికి పంపేస్తావు అని. అనుభవమున్న వైద్యుడికి తన చేతిలో లేనివి ఏవో తెలుసు. ఆ జాబితా నీ థీసిస్‌లో ఒక అధ్యాయానికి సరిపోతుంది.

మగ వైద్యుల దగ్గరే ఆగిపోకు. మంత్రసానుల్ని, పిల్లల్ని పెంచిన అవ్వల్ని కలువు. బాలింత మందులు, పసిపిల్లల మందులు వాళ్ళ దగ్గరే ఉంటాయి. మగవాళ్ళం మేం వెళ్తే వాళ్ళు నోరు విప్పేవాళ్ళు కాదు. నీకు చెప్తారు.

బయటికి చెబితే మందు పనిచెయ్యదని కొందరు నమ్ముతారు. బలవంతపెట్టకు. చెప్పినవాళ్ళ దగ్గర, ఇది ఎక్కడ అచ్చవుతుందో, ఎవరు చదువుతారో వాళ్ళ భాషలో వివరించి ఒప్పుకోలు తీసుకో. వద్దన్నది రాయకు. కేరళలో కాణి గిరిజనులు తమ అడవిలో అలసట తీర్చే ఆరోగ్యపచ్చ మొక్కను పాలోడు బొటానిక్ గార్డెన్ శాస్త్రవేత్తలకు చూపించారు. దానితో జీవని అనే మందు తయారైంది. లైసెన్స్ ఫీజులో, రాయల్టీలో సగం కాణి జనానికి ఇవ్వాలని తీర్మానించారు. పంపకంలో తగాదాలు వచ్చిన మాట నిజమే, అయినా వాటా అడిగే దారి ఒకటి పడింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి. వెళ్ళగానే వాళ్ళను కలువు. పని పూర్తయ్యాక తెలుగులో ఒక కాపీ కమిటీకి, ఒకటి చెప్పిన వైద్యుడి చేతికి ఇవ్వు. చదవడం రాకపోతే కూర్చుని చదివి వినిపించు, తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు.

మొదటి విడత షీట్లు ఎండాక ఫొటోలు తీసి పంపు. సందేహం ఉన్నవి నేనూ చూస్తాను, నాకూ తేలకపోతే ఆంధ్రా యూనివర్సిటీ హెర్బేరియంలో పోల్చి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న