గేటు గొళ్లెం ఊడి పది రోజులైందని మీరే రాశారు

ప్రశ్న: నల్లగొండలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మా లాబ్రడార్‌కు 14 నెలలు. మహా హుషారు, కరిచే రకం కాదు. పగలంతా డాబా మీద గొలుసుతో కట్టేస్తాం, సాయంత్రం పది నిమిషాలు తిప్పుతాం. ఆరు రోజుల క్రితం గేటు తోసుకుని పోయి, రోడ్డు మీద ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల బాబు మీదికి ఎగిరింది. బాబు కిందపడి మణికట్టు విరిగింది, తొడ మీద గోళ్లు గీరుకున్నాయి. గేటు గొళ్లెం ఊడి పది రోజులైంది. ఓనరుకు వాట్సాప్‌లో చెప్పినా బాగు చేయించలేదు, సుతిలి తాడుతో కట్టాం. బాబు తండ్రి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రెండు లక్షలు అడుగుతున్నారు. ఆరు నెలలు గడిస్తే కేసు పోతుందట కదా? రేబిస్ టీకా గడువు దాటింది. పాత తేదీతో కార్డు రాసిస్తానని తెలిసినాయన అంటున్నారు. కుక్కను వదిలించుకోండి, లేదంటే ఖాళీ చేయండని ఓనరు పోరు. అది మా బిడ్డలాంటిది. ఏం చేయాలి?

జవాబు: కుక్క మంచితనం కేసుకు పనికిరాదు. పనికొచ్చేది ఒక్క మాట: గొళ్లెం ఊడింది, సుతిలితో కట్టాం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 చూసేది దాన్నే. మన దగ్గరున్న జంతువు వల్ల ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు రావచ్చని తోచినప్పుడు, సరిపడా జాగ్రత్త తీసుకోకపోతే నేరం. ఆరు నెలల వరకు జైలు, 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. కరవబోయిందా, ఆడుకోబోయిందా అని ఆ సెక్షన్ అడగదు. ఎముక విరిగితే చట్టం లెక్కలో తీవ్ర గాయమే, కాబట్టి నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేసినందుకు, మూడేళ్ల వరకు శిక్ష ఉన్న సెక్షన్ 125(బి) కూడా పెట్టొచ్చు. రెండూ బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరికేవే. అరెస్టు భయంతో ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టకండి.

తప్పు ఓనరుదేనంటారా? కుక్క ఎవరి అధీనంలో ఉంటే బాధ్యత వారిది. మీ వాట్సాప్ మెసేజ్ ముందుగా రుజువు చేసేది, గొళ్లెం లేదని మీకు తెలుసునన్న సంగతినే. వెల్డింగ్ షాపులో గంట పని అది. పది రోజులు ఎలా ఊరుకున్నారు? అయినా ఆ మెసేజ్ డిలీట్ చేయొద్దు. సాక్ష్యం చెరిపేస్తే సెక్షన్ 241 కింద వేరే కేసు.

డాబా సంగతి కూడా ఎదుటి వకీలు వదలడు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11(1)(జి) ప్రకారం నేరం. జరిమానా చిన్నదే. కానీ రోజంతా కట్టేసిన ఏడాది వయసు లాబ్రడార్ గేటు తెరిచి దొరికితే ఉరుకుతుందని ఊహించలేదా అని అడిగితే మీ దగ్గర జవాబు లేదు.

పాత తేదీ టీకా కార్డు జోలికి పోయారా, ఇప్పుడున్న చిన్న కేసు పెద్దదవుతుంది. కార్డు మీద అతికించే సీసా స్టిక్కర్‌పై బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉంటాయి. మార్చిలో వేసినట్టు రాసిన మందు మేలో తయారై ఉంటే ఎస్ఐకి ఒక్క చూపు చాలు. దొంగ సాక్ష్యం పుట్టించినందుకు సెక్షన్ 229. కోర్టు విచారణలో వాడేందుకైతే ఏడేళ్ల వరకు. రాసిచ్చినాయనా ఇరుక్కుంటాడు.

టీకా లేదని ఒప్పుకోండి. కుక్కను ఎక్కడికీ పంపకండి: ఘటన రోజు నుంచి పది రోజులు అది బతికి ఆరోగ్యంగా ఉండటమే దానికి రేబిస్ లేదనడానికి మీకున్న గట్టి సాక్ష్యం. రేపే పశువుల డాక్టరుకు చూపించి, పదో రోజు దాటాక మళ్లీ చూపించి, రెండుసార్లూ తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో సర్టిఫికెట్ తీసుకోండి. అందాకా బాబుకు టీకాలు ఆపొద్దని వాళ్లకు చెప్పండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఎదురింటికి సీసీ కెమెరా ఉంటే, దాని రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. ఈ వారమే రాతపూర్వకంగా అడిగి కాపీ తెచ్చుకోండి, మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే.

ఆరు నెలల మాట ఎవరు చెప్పారో గానీ తప్పు. 291 కేసును కోర్టు విచారణకు తీసుకునే గడువు ఏడాది, 125(బి)కి మూడేళ్లు. నష్టపరిహారం దావా ఇంకా పొడుగు. గాయపడింది మైనరు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 6, 8 ప్రకారం ఆ బాబు 18 నిండాక మూడేళ్ల దాకా, అంటే 21 ఏళ్లు వచ్చేదాకా, మీ మీద దావా వేయొచ్చు. స్టేషన్ బయట తండ్రికి నగదు ఇచ్చి చేతులు దులుపుకుంటే బాబు హక్కు తీరదు. పైగా ఎఫ్ఐఆర్ అయ్యాక 291 రాజీకి వీలైన నేరం కాదు. కొట్టేయించాలంటే హైకోర్టుకు పోవాలి.

అందుకే ముందు ఎఫ్ఐఆర్ అయిందో లేదో కనుక్కోండి. ఆసుపత్రి బిల్లులు చెక్కు ద్వారానో యూపీఐ ద్వారానో కట్టి రసీదులు దాచండి. తర్వాత నల్లగొండ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు, అంటే దావా వేయకముందే రాజీ కోసం దరఖాస్తు, పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు. తండ్రి సంరక్షకుడిగా సంతకం చేసి, మైనరు తరఫు రాజీకి లోక్ అదాలత్ బెంచి అనుమతి రాయించుకుంటే, అది ఇచ్చే అవార్డుకు (రాజీ తీర్పుకు) కోర్టు డిక్రీ బలం ఉంటుంది, అప్పీలు ఉండదు. రెండు లక్షలు వాళ్లు అడిగిన అంకె మాత్రమే. బిల్లులు, కట్టు విప్పేదాకా అయ్యే ఖర్చు, బాబు పడ్డ బాధ, తల్లిదండ్రుల పని నష్టం విడివిడిగా వేసి బేరమాడండి.

ఈరోజే గేటుకు రెండు గొళ్లేలు పెట్టించి, బిల్లు, ఫొటో ఉంచుకోండి. పొద్దున ఆరుకు ముందు, రాత్రి ఎనిమిది తర్వాత, పూటకు కనీసం అరగంట, ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్, రెండు మీటర్ల గట్టి పట్టీతో తిప్పండి. సాగే పట్టీ వద్దు. గుంజితే చేతిలో ఆగదు.

ఓనరు ఫోన్లో గద్దించినంత మాత్రాన ఖాళీ చేయనక్కరలేదు, ఆయన కోర్టుకు పోవాల్సిందే. అయితే ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం ఖాళీ చేయించడానికి చట్టంలో ఉన్న కారణమే. ఇంకోసారి గేటు తెరుచుకుంటే ఆయన పని సులువవుతుంది.