కూతురు కనబడకుండా పోతే గ్రీకు పురాణంలో పంటల దేవత డిమీటర్ ఎలా తట్టుకుంది?

ముందు తిండీ స్నానమూ మాని తొమ్మిది రోజులు కాగడాలు పట్టుకుని వెతికింది, తర్వాత వేరొకరి బిడ్డను సాకింది, చివరికి పంటలు ఆపేసి దేవతల మెడలు వంచింది.

కూతురు పెర్సెఫొనీ చనిపోలేదు, కనబడటం లేదు, అంతే. చనిపోతే ఏడ్చి ఊరుకోవచ్చు, కనబడకపోతే ఆ వీలు కూడా ఉండదు. పాతాళ రాజు హేడిస్ ఎత్తుకుపోయాడనీ, దానికి దేవతల రాజు, ఆ పిల్ల తండ్రి జియస్ ఒప్పుకున్నాడనీ సూర్యుడు చెప్పాక దుఃఖానికి కోపం తోడైంది.

ఎల్యూసిస్ ఊళ్లో ఆమె చేసిన పని చూడండి. ముసలమ్మ వేషంలో రాజు ఇంట్లో దాదిగా చేరింది. వైన్ ఇస్తే వద్దని, బార్లీ, పుదీనా లాంటి ఆకు కలిపిన నీళ్లు అడిగి తాగింది. రాత్రిళ్లు పసివాడు డెమొఫూన్‌ను నిప్పుల్లో దాచేది, వాడికి చావు లేకుండా చేయాలని. ఈ ఒక్కణ్నయినా పోగొట్టుకోకూడదన్న తపన అందులో కనిపిస్తుంది. ఒక రాత్రి కన్నతల్లి చూసి కేక పెట్టడంతో అదీ ఆగిపోయింది.

ఆమె దిగులుతో నీరసపడటం వల్ల పంటలు ఎండాయని చాలామంది అనుకుంటారు. కాదు, గ్రీకు కవి హోమర్ పేరిట ఉన్న పాత స్తోత్రంలో ఆమె కావాలనే విత్తనాన్ని మట్టిలో దాచేస్తుంది. ఎద్దులు దున్నుతూనే ఉంటాయి, ఒక్క మొలకా రాదు. జియస్ దేవతలను కానుకలతో ఒక్కొక్కరినే పంపినా, కూతుర్ని కళ్లారా చూసేదాకా ఆమె దిగిరాదు.