శివరాత్రి దాటినా చలి పోదేం? ఉత్తర వర్జీనియాకు కొత్తగా వచ్చినవారికి

సందేహం: జనవరిలో యాష్‌బర్న్‌కి వచ్చాం. ఫిబ్రవరి అయిపోవస్తోంది. వచ్చే వారం ఒక రోజు ఫోన్లో ‘వింట్రీ మిక్స్’ అని చూపిస్తోంది. పడేది పావు అంగుళం లోపేనట. దీనికి కూడా భయపడాలా? మావారి ఆఫీసు టైసన్స్‌లో. కారు కొని మూడు వారాలే అయింది.

జవాబు: భయపడాలి. ఆరంగుళాల మంచు అని రాసి ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు.

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దవాళ్ళ మాట. అది కృష్ణా గోదావరుల దగ్గర చెల్లుతుంది గానీ పొటోమాక్ ఒడ్డున చెల్లదు. 2018లో ఉగాది మార్చి 18న వచ్చింది. పచ్చడి తిన్న మూడో నాడు, మార్చి 21న, ఇక్కడ మంచు పడి ఫెడరల్ ఆఫీసులన్నీ మూసేశారు. కాబట్టి కోట్లూ బూట్లూ అప్పుడే అటకెక్కించకండి.

ఇక ఆ ‘మిక్స్’ సంగతి. అంటే మంచు, స్లీట్, ఫ్రీజింగ్ రెయిన్ల కలగలుపు. పైన మేఘంలో దాదాపు అంతా మంచుగానే మొదలవుతుంది. దిగే దారిలో వెచ్చటి గాలిపొర ఏదీ తగలకపోతే దూదిలా నేలకు చేరుతుంది. తగిలితే కరిగి నీటిబొట్టు అవుతుంది. ఆ కింద చలిపొర మందంగా ఉంటే మళ్ళీ గడ్డకట్టి సగ్గుబియ్యం గింజల్లా అద్దాల మీద టపటపలాడుతుంది. దీన్నే స్లీట్ అంటారు. మన వడగళ్ళు వేరు, ఇది వేరు. చలిపొర పలచగా ఉంటే బొట్టుకు గడ్డకట్టే వ్యవధి చాలదు. నీరుగానే దిగి కొమ్మనో, మెట్టునో, రోడ్డునో తాకాక గాజుపొర అయిపోతుంది. ఇదే ఫ్రీజింగ్ రెయిన్. మూడింటిలోకీ ప్రమాదం ఇదే, చూడ్డానికి మాత్రం ఉత్త వాన.

మన పేటలకు ఈ బెడద కాస్త ఎక్కువే, కారణం పడమటనున్న కొండలు. న్యూ ఇంగ్లండ్, క్యూబెక్ వైపు అధిక పీడనం కూర్చుంటే అక్కణ్ణించి చలిగాలి దక్షిణానికి జారుతుంది. చలిగాలి బరువు కదా, బ్లూ రిడ్జ్ ఎక్కి అవతలకి పోలేక, చెరువు కట్టకు నీళ్ళు ఆనినట్టు ఈ వైపే నిలిచిపోతుంది. సముద్రం నుంచి వచ్చే వెచ్చటి గాలి దాన్ని నెట్టలేక పైకెక్కి పారుతుంది. పైన వెచ్చన, కింద గడ్డచలి. అందుకే కొండల దగ్గరున్న లీస్‌బర్గ్‌లో ఐసు పడే వేళకు, వాటికి దూరంగా ఉన్న అలెగ్జాండ్రియాలో మామూలు వాన పడుతుంటుంది. ఇక్కడి వాతావరణ వార్తల్లో ఐ-95 హైవే పేరు అస్తమానం వినబడేది అందుకే, వానకూ మంచుకూ సరిహద్దు చాలాసార్లు ఆ చుట్టుపక్కలే పడుతుంది. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే అంచనా మొత్తం తలకిందులు. 2013 మార్చి 6న పెద్ద మంచు ఖాయమని ఆఫీసులు మూసేస్తే, డీసీలో పడింది దాదాపు అంతా వానే. మంచంతా కొండల్లో పడింది. అప్పుడు నవ్వినవాళ్ళే ఆ తర్వాతి హెచ్చరికల్ని తేలిగ్గా తీసుకుంటారు, అదీ ఇబ్బంది.

ఫోన్లో కనిపించే ఆ చిన్న బొమ్మను నమ్ముకోకండి. నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు మీ ఇంటికి కూతవేటు దూరంలో, స్టెర్లింగ్‌లోనే ఉంది. మంచుకు వాళ్ళు మూడు మ్యాపులు పెడతారు: ఎక్కువగా జరిగేది ఒకటి, తక్కువలో తక్కువ ఒకటి, పదిలో ఒక వంతు అవకాశమున్న ఎక్కువ ఒకటి. మొదటిదానికీ మూడోదానికీ బాగా తేడా ఉందంటే వాళ్ళకే ఇంకా తేలలేదని. ‘వాచ్’ అంటే రావచ్చు, సరుకులు చూసుకోండి అని. ‘అడ్వైజరీ’, ‘వార్నింగ్’ అంటే వస్తోందని. అడ్వైజరీ చిన్నదేలే అనుకోవద్దు, మీరడిగిన ఆ పావు అంగుళం లోపు ఐసు వచ్చేది దాని కిందే. పావు అంగుళానికి చేరితే అది ఐస్ స్టార్మ్ వార్నింగే, కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడే స్థాయి.

ఎనిమిది నుంచి పద్నాలుగు రోజుల ముందస్తు మ్యాపులు కూడా మన వాట్సాప్ గుంపుల్లో తిరుగుతుంటాయి. ముదురు నీలం చూసి ‘అమ్మో, గడ్డకట్టిపోతాం’ అని రాస్తుంటారు. ఆ రంగు ఎంత చలో చెప్పదు, మామూలు కంటే చల్లగా ఉండే అవకాశం ఎంతో చెబుతుంది. నేనూ మొదటి రెండేళ్ళు తప్పుగానే చదివాను.

మీవారి ప్రయాణం విషయానికొద్దాం. ఆ రోజు ఇంటినుంచే పని చేస్తానని ముందు రోజే చెప్పేయమనండి. ఇక్కడ దానికి ఎవరూ ఏమీ అనుకోరు. తప్పదంటే పొద్దున్నే బయల్దేరకుండా పదీ పదకొండు దాకా ఆగాలి. ఫిబ్రవరి చివర ఎండ అక్టోబర్ మూడో వారం ఎండంత గట్టిగా ఉంటుంది, మబ్బు విడిస్తే తారురోడ్డు మీది ఐసు త్వరగానే కరుగుతుంది. కానీ పొద్దు గుంకగానే ఆ కరిగిన నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి. తడి రోడ్డులా నల్లగా కనిపిస్తుంది, బ్రేకు వేస్తే తెలుస్తుంది. వంతెనల మీద మరీను, కిందనుంచీ చలిగాలి తగిలి అవే ముందు గడ్డకడతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిలే అనుకోవద్దు, అది కదలడానికి సాయపడుతుంది గానీ ఐసు మీద ఆగడానికి కాదు.

మంచు తుపానుకు ముందు రోడ్డు మీద తెల్లటి చారలు కనిపిస్తాయి, అవి ఐసు పట్టకుండా చల్లే ఉప్పునీళ్ళు. ముందు వాన పడితే కొట్టుకుపోతాయి. 2022 జనవరి 3న సరిగ్గా అదే చిక్కు. వానతో మొదలవుతుందని ముందుగా ఉప్పునీళ్ళు చల్లలేకపోయారు, తర్వాత మంచు ముంచెత్తింది. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఐ-95 మీద జనం రాత్రంతా కార్లలోనే ఉండిపోయారు. వర్జీనియా సెనేటర్ టిమ్ కేన్‌కి రిచ్‌మండ్ నుంచి డీసీకి 27 గంటలు పట్టింది. అందుకే ఈ నెలల్లో టాంకు సగానికి తగ్గనివ్వను. వెనక సీట్లో ఒక దుప్పటి, మంచినీళ్ళు, వేరుశనగ చిక్కీలు ఉంటాయి.

కారు అద్దం మీద ఐసు గడ్డకడితే వేడినీళ్ళు పొయ్యకండి, నేను పోశాను, పగిలింది. హీటరు వేసి పది నిమిషాలు ఓపిక పట్టండి, కారు మాత్రం గరాజ్ బయట ఉండాలి. ఇంటి ముందు మెట్ల మీద ఉప్పు ముందు రాత్రే చల్లండి. 15 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి పోతే ఉప్పు పెద్దగా పనిచేయదు, అప్పుడు పట్టుకోసం ఇసుక. ఒకసారి చెత్తడబ్బా బయట పెట్టడానికని తెల్లవారుజామున స్లిప్పర్లతో వెళ్ళి, డబ్బాతో సహా వీధి దాకా జారాను. మణికట్టుకు ఆరు వారాలు పట్టీ.

కరెంటు పోతే గ్యాస్ హీటరు కూడా ఆగిపోతుంది, దాని ఫ్యాను తిరగాలి కదా. అప్పుడు మనవాళ్ళకు కుంపటి గుర్తొస్తుంది. బొగ్గుల గ్రిల్లు గానీ, క్యాంపింగ్ స్టవ్ గానీ ఇంట్లో వెలిగించొద్దు, గరాజ్‌లోనూ వద్దు, తలుపు తీసిపెట్టినా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పడకగదుల దగ్గర డిటెక్టర్ ఉందో లేదో ఈ రోజే చూడండి. అపార్ట్‌మెంటైతే లీజింగ్ ఆఫీసును అడగండి, బ్యాటరీ మార్చి ఎన్నాళ్ళైందో కూడా.