రాసింది చదివి కస్టమర్ రావాలంటే

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి. వ్యాపారానికి బ్లాగు పెట్టాం, రాస్తూనే ఉన్నాం, కానీ చదివి వచ్చేవాళ్లు లేరు, ఏం చేయాలి అని. అందుకే మిగతా విషయాలు పక్కన పెట్టి ఈసారి అంతా దీనికే ఇచ్చాం. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మా అత్తగారింట్లో తరతరాలుగా శత్రంజీలు, అంటే డర్రీలనే నూలు తివాచీలు, నేస్తారు. ఆన్‌లైన్లో అమ్ముదామని నేను వెబ్‌సైట్ పెట్టి, అందులో బ్లాగు కూడా రాస్తున్నాను. పండగ ఆఫర్లు, మా నాణ్యత, మా అనుభవం అన్నీ రాశాను, అయినా ఫోన్ ఒక్కటి రాదు. ఏం రాయాలి? ధర పెట్టాలా వద్దా? నేత పని గురించి రాద్దామంటే మామయ్య 'మన పనితనం అందరికీ చెప్తే వేరేటోళ్లు ఎత్తుకపోతరు' అంటున్నారు. (కొత్తవాడ, వరంగల్)

చెల్లీ, మీరు పంపినవన్నీ చదివాను. 'నాణ్యతకు మారుపేరు', 'సరసమైన ధరలు', 'ఒక్కసారి విచ్చేయండి' లాంటి మాటలు షాపు ముందు ఫ్లెక్సీ మీద బాగానే ఉంటాయి, ఎందుకంటే దారిన పోయేవాడు ఒక్క చూపు చూసి వెళ్లిపోతాడు. బ్లాగు దగ్గరికి వచ్చేవాడు అలా రాడు, ఏదో ఒక అనుమానంతో వస్తాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్ తీసి 'కాటన్ కార్పెట్ ఇంట్లోనే ఉతకొచ్చా' అని వెతుకుతాడు. 'నాణ్యతకు మారుపేరు' అని గూగుల్లో వెతికే మనిషి ఎవరూ ఉండరు. అతని అనుమానానికి జవాబు మీ దగ్గర ఉంటే చదువుతాడు, లేకపోతే వెనక్కి పోతాడు, అంతే.

కాబట్టి ఏం రాయాలో కూర్చుని ఆలోచించొద్దు. ఓ నోటుబుక్ ఫోన్ పక్కన పెట్టుకుని, షాపులో, ఫోన్లో, వాట్సాప్‌లో కస్టమర్లు అడిగే ప్రతి ప్రశ్ననూ వాళ్లు అడిగిన మాటల్లోనే రాసిపెట్టండి. రంగు పోతుందా? ఐదు బై ఏడు అంటే అడుగులేనా? రెండు వైపులా వాడొచ్చా? సోఫా ముందుకు ఏ సైజు తీసుకోవాలి? ఆన్‌లైన్లో ఇంత తక్కువకే దొరుకుతుంటే మీది ఎందుకు ఇంత ఉంది? ఒక్కో ప్రశ్న ఒక్కో వ్యాసం, ఆ ప్రశ్నే దాని శీర్షిక.

ఉతకడం సంగతే తీసుకుందాం. 'శత్రంజీలకు ఘనమైన చరిత్ర ఉంది' అని మొదలుపెట్టి చివరికి ఉతకడం దగ్గరికి వస్తే అప్పటికే మనిషి వెళ్లిపోయి ఉంటాడు. మొదటి వాక్యమే జవాబు కావాలి: 'కొత్త నూలు శత్రంజీని మొదటిసారి మిగతా బట్టలతో కలపకుండా చల్లని నీళ్లలో ఉతకండి, వేడినీళ్లలో వేస్తే ముడుచుకుంటుంది.' ఆ తర్వాత, తడిపిన తెల్లగుడ్డతో ఓ మూల రుద్ది చూడమనండి, గుడ్డకు రంగు అంటితే రెండు మూడు ఉతుకుల దాకా వేరుగానే ఉతకాలని చెప్పండి, వ్యాట్ రంగులు (నూలు లోపలికి ఇంకి, ఉతికినా తేలిగ్గా పోని రకం) వేసినవి ఎందుకు గట్టిగా నిలబడతాయో, మీరు ఏ రంగులు వాడతారో రాయండి, నీడలో ఎలా ఆరేయాలో మీ ఇంటి దండెం మీద ఆరేసిన ఫొటోతో చూపించండి. ఇంత చెప్పినవాళ్ల దగ్గరే కొందామని చదివినవాళ్లకు దానంతటదే అనిపిస్తుంది. చివర్లో 'సైజు, రంగు చెప్పండి, ఉన్నవాటి ఫొటోలు పంపిస్తాం' అన్న ఒక్క మాట, వాట్సాప్ బటన్, కొత్తవాడలో మీ ఇల్లు చూపించే మ్యాపు పెడితే చాలు.

మామయ్య గారి భయం అర్థమవుతుంది. ఎన్నో ఏళ్లు చెమటోడ్చి నేర్చుకున్న విద్య కదా. కానీ మీ వ్యాసం చదివినవాళ్లు మర్నాడు మగ్గం ముందు కూర్చుని నేసేయలేరు, ఆ చేతివాటం రావడానికి ఎంత కాలం పడుతుందో ఆయనకే బాగా తెలుసు. పనితనం దాచిపెడితే నష్టం మీకే, ఎందుకంటే చేతి నేతకూ మిల్లు సరుకుకూ తేడా తెలియనివాడికి కనిపించేది ధర ఒక్కటే. ఇంటర్‌లాక్ నేతనే చూడండి. రెండు రంగులు కలిసేచోట పేక పోగులు (అడ్డంగా నేసేవి) ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి, అందుకే అక్కడ సందు పడదు, చీలిక రాదు. ఆ కలిసేచోటు మీద బొటనవేలు పెట్టి, పగటి వెలుగులో దగ్గర నుంచి ఫొటో తీసి, కింద రెండు వాక్యాలు మామయ్య గారి మాటల్లోనే రాయండి. ఆయన చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి, మీరు ఎంత కష్టపడి రాసినా ఆ మాటల్లో ఉన్న పట్టు రాదు. వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని చాలామంది కొనేవాళ్లకు తెలియదు, అదీ ఆ వ్యాసంలోనే చెప్పండి.

ధర పెట్టండి. 'ధర కోసం ఫోన్ చేయండి' అంటే సిటీలో ఉన్నవాళ్లు అసలు చేయరు, ఎక్కువ చెప్తారేమోనని జంకుతారు. సైజును బట్టి ఇంత నుంచి ఇంత అని వేసి, ఎందుకు మారుతుందో వివరించండి: నూలు రేటు, రంగు రకం, డిజైన్లో ఎన్ని రంగులు మారతాయి, మగ్గం మీద ఎన్ని రోజులు పడుతుంది. 'మీది ఎందుకు ఇంత ఉంది' అన్న ప్రశ్నకు ఇదే జవాబు, మీ బ్లాగులో అన్నిటికంటే ఎక్కువ అమ్మిపెట్టేది కూడా ఈ వ్యాసమే అవుతుందని నా నమ్మకం. దాంతోపాటు ఎవరికి మీ సరుకు పనికిరాదో కూడా రాయండి. కాలు దిగబడేంత మెత్తటి తివాచీ కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు, ఎప్పుడూ తేమగా ఉండే గదిలో నూలుది వేయకూడదు. ఇలా రాస్తే బేరం పోతుందని టెన్షన్ పడొద్దు, తీసుకుని తిరిగి పంపేవాళ్లు తగ్గుతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ పాత పోస్టుల్లో సగం బొమ్మలే, అంటే డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయించి, డిజైన్ చేయించి, ఫొటోగా పెట్టినవి. బొమ్మలో ఉన్న అక్షరాలను నమ్ముకుంటే వెతికేవాళ్లకు మీ పేజీ దొరకడం కష్టం. పోనీ ఆ టైపు చేసిందే తెచ్చి అతికిద్దామంటే, పాత ఫాంట్ల మాటలు వెబ్‌సైట్లో గజిబిజి గుర్తులుగా మారిపోతాయి. ఫోన్లో ఉన్న తెలుగు కీబోర్డు యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్లో చూసినా తెలుగుగానే కనిపించే పద్ధతిలో, టైపు చేస్తుంది, మైక్ నొక్కి మాట్లాడినా తెలుగులో రాస్తుంది, తర్వాత తప్పులు దిద్దుకోండి. హైదరాబాద్, బెంగళూరు కస్టమర్లు కూడా కావాలి కాబట్టి ముఖ్యమైనవి ఇంగ్లిష్‌లో వేరే పేజీలుగా పెట్టండి, ఒకే పేజీలో రెండూ కలిపితే ఎవరికీ సుఖంగా ఉండదు.

నెలకు రెండు మంచివి రాస్తే సరిపోతుంది. రోజూ ఏదో ఒకటి పెట్టాలని శుభోదయాలు, పండగ శుభాకాంక్షలు నింపొద్దు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది, మీ పేజీ ఏ మాటలకు ఎన్నిసార్లు కనిపించిందో అందులో తెలుస్తుంది. మీరు రాయని ప్రశ్న ఏదైనా అక్కడ కనబడితే తర్వాతి వ్యాసం అదే. ఫలితం వారంలో రాదు, కొన్ని నెలలు పడుతుంది, అది ముందే మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: నాకు టాక్సీ ఉంది. ఏఐతో 'వరంగల్ చూడదగ్గ ప్రదేశాలు' లాంటివి చాలా రాయించి నా సైట్లో పెట్టాను. ఒక్క బుకింగ్ రాలేదు. ఏఐతో రాయిస్తే గూగుల్ పక్కన పెడుతుందా? (హనుమకొండ)

తమ్ముడూ, ఏఐ వాడినందుకే గూగుల్ పక్కన పెట్టదు. కానీ ఎవరికీ పనికిరాని పేజీలు గుట్టలుగా పోసేవాళ్ల మీద 2024 మార్చిలో నియమాలు గట్టి చేసింది, అవి మనిషి రాసినా మిషన్ రాసినా ఒకటే. నీ పేజీల్లో ఉన్నదంతా ఇంకెన్నో చోట్ల ఉంది. వెయ్యిస్తంభాల గుడి కాకతీయులు కట్టారు, రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇవి తెలుసుకోవడానికి టాక్సీ అతని దగ్గరికి ఎందుకు రావాలి?

నీకు తెలిసి వాళ్లకు తెలియనిది రాయి. పొద్దున కాజీపేటలో రైలు దిగే కుటుంబం సాయంత్రం రైలుకు తిరిగి వెళ్లాలంటే ముందు ఎటు పోవాలి, రామప్ప, లక్నవరం చెరువు ఒకే రోజు అవుతాయా, బొగత జలపాతం కూడా కలిపితే ఏది వదులుకోవాలి, ఎండాకాలం మధ్యాహ్నం గుడి రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడవలేరు కాబట్టి సాక్సులు తెచ్చుకోవాలి, ముసలివాళ్లుంటే ఎక్కడ మెట్లు ఎక్కువ, దారిలో భోజనానికి ఎక్కడ ఆగొచ్చు. బొగత చూడాలంటే వానలు పడ్డాకే, ఎండాకాలం పోతే నిరాశే, వరద ఎక్కువున్నప్పుడు లోపలికి వదలరు, ఇలాంటివి ముందే చెప్పేవాడికే ఫోన్ చేస్తారు. రూటు, టైము, కిలోమీటర్లు, మొత్తం ఖర్చు వేసి ఒక్కరోజు ప్లాన్లు మూడు రాయి, మిగతావన్నీ తీసేయి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది కదా, దాని గురించి రాసేది జాతర వారంలో కాదు, కనీసం రెండు మూడు నెలల ముందు, అప్పుడే జనం వెతకడం మొదలుపెడతారు. అక్షరదోషాలు దిద్దడానికి, ఇంగ్లిష్ చేయడానికి ఏఐని హాయిగా వాడుకో.

ప్రశ్న: నాది మోటర్ వైండింగ్ షాపు. నా గిరాకీ అంతా రైతులే. నేనూ బ్లాగు పెట్టాలా? (హుజూరాబాద్)

అన్నా, మీకు బ్లాగు కంటే ముందు గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు, బోర్డు ఫొటో ఉండాలి. అది ఉచితం. మోటర్ కాలిపోయిన రైతు వ్యాసం చదువుతూ కూర్చోడు, దగ్గర్లో ఎవరున్నారో చూసి ఫోన్ చేస్తాడు. పని నచ్చినవాళ్లను అక్కడ రెండు మాటలు రాయమని అడగండి.

అది అయ్యాక కావాలంటే, రోజూ ఫోన్లో చెప్పేవే నాలుగైదు చిన్న వీడియోలు చేసి, ఒక్కోదాని కింద పది పంక్తులు రాయండి. 'మోటర్ ఊ అంటుంది, తిరగదు' అన్నది ఒకటి. ఒక ఫేజు రాకపోయినా, వోల్టేజీ తక్కువున్నా, పంపు పట్టేసినా అలాగే అవుతుంది, అట్లనే వదిలేస్తే వైండింగ్ కాలుతుంది కాబట్టి వెంటనే ఆపేయాలని చెప్పండి. స్టార్టర్ పెట్టె విప్పి చూడమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, చేను దగ్గర తడి కాళ్లతో ఉంటారు, ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రశ్న: చపాటా మిర్చితో కారంపొడి, పచ్చళ్లు చేసి అమ్ముతాం. 'షుగర్ తగ్గుతుంది, మోకాళ్ల నొప్పులు పోతాయి' అని రాస్తే బాగా అమ్ముడుపోతుందని ఒకరు చెప్పారు. రాయొచ్చా? (నర్సంపేట)

రాయొద్దమ్మా, ఎవరు చెప్పినా సరే. తిండి వస్తువు రోగం తగ్గిస్తుందని ప్రకటించుకోవడాన్ని 2018 నాటి ఆహార భద్రత ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. అంతకంటే పెద్ద సంగతి, మీ మాట నమ్మి ఎవరైనా షుగర్ మందులు మానేస్తే వాళ్లకు జరిగే చెడు మామూలుగా ఉండదు.

చపాటాకు అబద్ధాల అవసరమే లేదు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ, కాయ గుండ్రంగా టమాటాలా ఉంటుంది, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ జీఐ ముద్ర ప్యాకెట్ మీద వేయాలంటే మాత్రం అధీకృత వినియోగదారుగా మీ పేరు నమోదై ఉండాలి, అది చూసుకోండి. 'ఆవకాయకు అచ్చంగా చపాటా సరిపోతుందా, తేజ మిర్చి ఎంత కలపాలి' అని రాయండి, వేసవి పచ్చళ్ల కాలానికి ముందే రాయండి. ఎనుమాముల మార్కెట్లో కాయ ఎలా చూసి కొంటారో, తొడిమ తీసిందీ తీయనిదీ పొడి రంగులో ఎంత తేడా తెస్తుందో, రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. ప్యాకెట్ మీదున్న ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు పేజీలోనూ వేయండి. మిర్చి రేటు నిలకడగా ఉండదు కాబట్టి ధర పక్కన తేదీ వేసి, మారినప్పుడల్లా దిద్దుతూ ఉండండి.