బొమ్మల టైంటేబుల్ పెడితే క్లాసులో మా బాబు ఏడుపు తగ్గుతుందా?

ఆటిజం ఉన్న మీ బాబు ఒకటో తరగతిలో బెల్లు కొట్టినప్పుడల్లా ఏడుస్తున్నాడని, బొమ్మల టైంటేబుల్ పనిచేస్తుందా అని అడిగారు. పనిచేస్తుందండీ. నేను అనంతపురం దగ్గర ఒక ప్రాథమిక బడిలో ఒకటో తరగతి చెప్తాను. రెండేళ్ల కింద మా క్లాసులోనూ ఇలాంటి బాబే ఉండేవాడు.

మొదట నెట్‌లో దొరికిన కార్టూన్ బొమ్మలతో, రోజంతా చేసే పన్నెండు పనులూ ఒకే చార్టు మీద పెట్టాను. వాడు అటు చూడనే లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం టీచరమ్మ వచ్చి, "వాడి పళ్లెం ఫొటో పెట్టండి మేడం, ఎవరిదో పళ్లెం వాడికెందుకు?" అన్నారు. ఆ సాయంత్రమే వాడి బ్యాగు, కూర్చునే చాప, కుళాయి, స్టీలు పళ్లెం, వాళ్ల నాన్న బండి ఫోన్‌లో ఫొటోలు తీసి, టవర్ క్లాక్ దగ్గర లామినేషన్ చేయించాను. వెనక వెల్క్రో అంటించి, పైనుంచి కిందికి నాలుగే కార్డులు పెట్టాను. కింద ఒక పాత బిస్కెట్ డబ్బా. పని అయిపోగానే ఆ కార్డు వాడే పీకి డబ్బాలో వేయాలి. చర్రుమని ఊడిన చప్పుడుకు నవ్వి "అయిపాయ" అనేవాడు. వాడి నోట నేను విన్న మొదటి మాట అదే.

నోటితో చెప్పింది ఆ క్షణమే పోతుంది, కార్డు మాత్రం కళ్లెదుటే ఉంటుంది. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే వాడి టెన్షన్ తగ్గుతుంది. 1972 నుంచి అమెరికాలోని నార్త్ కరోలినాలో నడుస్తున్న 'టీచ్' (TEACCH) కార్యక్రమం ఇలాంటి బొమ్మల వరుసలతోనే ఆటిజం ఉన్న పిల్లలకు నేర్పుతోంది.

ఒకరోజు వానొచ్చి ఆట లేకపోయింది, కార్డేమో గోడ మీదే ఉంది. చాలాసేపు నేల మీద పడి ఏడ్చాడు. తప్పు వాడిది కాదు, మేము పెట్టిన కార్డు అబద్ధమైంది. అప్పట్నుంచి పసుపు రంగు 'మార్పు' కార్డు పెట్టాం. దాన్ని ముందు సంతోషం కలిగించే మార్పులకే వాడాం, లెక్కల బదులు బెలూన్లు అన్నట్టు. ఆ తర్వాతే కష్టమైన మార్పులకు వాడాం.

మీ టీచరుకు ఒక మాట గట్టిగా చెప్పండి: ఏడ్చాడని ఆట కార్డు పీకేయకూడదు. అలా చేస్తే వాడు ఆ గోడనే నమ్మడు. ఇంట్లో మీరు రెండు కార్డులతో మొదలుపెట్టండి, ముందు స్నానం, తర్వాత ఊయల. మా వాడికి అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. మొదటి వారంలో ఏమీ కనిపించలేదని తీసేయకండి.