క్వార్ట్జ్ పట్టీలో బంగారం ఎందుకు తేలలేదు?

హనుమకొండ దగ్గరి గ్రానైటు గుట్టలో మీరు తీసిన తెల్ల క్వార్ట్జ్ ముక్కలో పరీక్షకు బంగారం తేలకపోవడానికి కారణం బహుశా క్వార్ట్జ్ కాదు, దాని పక్కనున్న రాయి. కర్ణాటకలోని కోలార్, హట్టి బంగారు గనుల సన్నని పట్టీలు (రాతి పగుళ్లలో నిండిన క్వార్ట్జ్) 250 కోట్ల ఏళ్లకు పైబడిన, ఇనుము దండిగా ఉన్న ఆంఫిబోలైటు అనే నల్లరాయిలో ఉన్నాయి. భూమి లోతుల్లోని వేడినీటిలో గంధకంతో కలిసి ప్రయాణించే బంగారం, ఆ గంధకాన్ని ఇనుము లాక్కోగానే విడివడి అక్కడే పేరుకుంటుంది. గ్రానైటులో ఇనుము తక్కువ.

1. చాలామంది వదిలేసేది పట్టీ పక్కరాయిని తాకే అంచునే. ముందు దానిని పగలగొట్టి చూడండి. నల్లరాయి లేకుంటే పరీక్షకు డబ్బు పెట్టడం చాలావరకు దండుగే. (బంగారంలా కనిపించే పైరైటు ఖనిజం మెరుపు చూసి మురిసిపోవద్దు.)

2. నల్లరాయి ఉంటే పట్టీకి అడ్డంగా గాడి తీసి, క్వార్ట్జ్‌ను, ఇరువైపుల అంచులను వేర్వేరు సంచుల్లో పరీక్షకు పంపండి.

3. బంగారం గింజలుగా చెదిరి ఉంటుంది కనుక పిడికెడు రాయి చాలదు, కిలోల్లో ఉండాలి.